ఎంగ్రోస్డ్ అంటే తిట్టా?

మధ్యాహ్నపు సెలూన్. కుర్చీలో వెనక్కి వాలి, మొహం నిండా నురుగుతో బస్సు డ్రైవరు. చేతిలో కత్తితో సెలూన్ పెద్దాయన.

"కళ్లు మూసుకో. కదలకు. కదిలితే చెవి నాది."

"కదలట్లేదు మావయ్యా. అర్థం చెప్పండి చాలు."

"నిన్నటిదాకా 'ఏమండీ'. ఇవాళ మావయ్యనెలా అయ్యానోయ్?"

"ఊరికే... పిలవడానికి బాగుందని. ఎంగ్రోస్డ్ అంటే తిట్టా?"

"ఎవరన్నారు నిన్ను?"

"నన్ను కాదు. ఒకమ్మాయికి, పెళ్లి చేసుకుందామా అని మెసేజ్ పెట్టా. 'పుస్తకంలో ఎంగ్రోస్డ్‌గా ఉన్నా, తర్వాత చెప్తా' అంది. అంటే వద్దనేగా?"

"ఎవరా అమ్మాయి?"

"ఉందిలెండి ఒకమ్మాయి. అబ్బా, నీళ్లు కళ్లలో పడుతున్నాయి!"

"నేనింకా చల్లందే! సరే, విను. ఎంగ్రోస్డ్ అంటే ఒళ్లు మరిచి మునిగిపోవడం. ఆ మాట మా అమ్మాయే నేర్పింది."

"మీ... అవునా? మంచిది. మంచిది. అయితే గాఢంగా నిద్రపోయినా ఎంగ్రోస్డేనా?"

"నిద్రకి అనకూడదు. కళ్లు తెరిచే ఉండాలి, లోకం మాత్రం కనపడకూడదు. చదువులో అనొచ్చు, పనిలో అనొచ్చు, ఆటలో అనొచ్చు. మా చిన్నాన్న చదరంగంలో ఎంగ్రోస్డ్. ఇల్లంటుకుంది. 'వెలుతురు బాగుంది' అని బల్ల ఇంకాస్త మంట దగ్గరికి జరుపుకున్నాడు."

"కోతలు!"

"కోతలా? నేను వెళ్లి నీళ్లు పోస్తే 'దీపం ఆర్పిందెవడ్రా' అని కొట్టడానికొచ్చాడు! అవతలివాడు తక్కువ తిన్నాడా? చొక్కా కాలిపోతున్నా 'ముందు ఎత్తు వెయ్యి' అంటాడు."

"హహ్హ! నవ్వించకండి, చేతిలో కత్తుంది!"

"కత్తి సంగతి నాకొదిలెయ్. ఇక మా మేనత్త..."

"మేనత్త తర్వాత. నా సంగతేంటి? వద్దన్నట్టా, కాదా?"

"పుస్తకంలో మునిగితే వద్దన్నట్టెలా అవుతుందిరా పిచ్చోడా? ఇంకా నీ దాకా రాలేదంతే. మా మేనత్త ఉన్ని చొక్కా అల్లుతూ ఎంగ్రోస్డ్ అయిపోయి, ఆపడం మరిచి, చెయ్యి వీధి చివరిదాకా అల్లేసింది. చీకట్లో మా మావయ్య దాన్ని పట్టుకునే ఇంటికొచ్చేవాడు."

"హహ్హహ్హ... ఆగండాగండి. ముక్కు కింద ఇటుపక్క చల్లగా ఉందేంటి?"

"ఎటుపక్క?"

"ఎడమపక్క."

"ఏదీ, కాస్త ఇటు తిరుగు."

"మావయ్యా?"

"అద్దం చూడకు."

"మీసం! సగం మీసమేదీ?"

"కిందుంది."

"సాయంత్రం తన ఎదురుగా నిలబడి జవాబు అడుగుదామనుకున్నా! ఈ మొహంతోనా?"

"అరవకోయ్! ఇంకెవరూ లేరు కాబట్టి సరిపోయింది."

"ఆ రెండోది కూడా తీసెయ్ నాన్నా, బాగానే ఉంటాడు."

"నువ్వా! నువ్వెప్పుడొచ్చావే?"

"ఎప్పుడేంటి, క్యారియర్ పట్టుకుని ఇందాకట్నుంచీ నీ వెనకే నిలబడ్డా! 'సరే, నిన్నే చేసుకుంటా' అని గొంతు చించుకుని అతనికి చెప్తూనే ఉన్నా, మీ ఇద్దర్లో ఒక్కరు వింటే ఒట్టు!"