నీలిరెక్క పేరు నాదే

కావలి బస్టాండు పక్కన టీబంకు దగ్గర, బనీన్ల మీద అక్షరాలు అచ్చేసే షావలి గ్లాసు పట్టుకుని కబుర్లు మొదలుపెట్టాడు. ఎదురుగా చేపలమ్మే వనజాక్షి, ఆమె కుట్టిన రెండొందల సంచుల మూట. వాటి మీద ‘నీలిరెక్క వలలు’ అన్న కంపెనీ పేరు వేయించాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి.

"భయమెందుకు వనజక్కా? వేట మొదలయ్యే రోజు ఆ కంపెనీవాళ్ళే రేవులో ఆ పేరుతో బనీన్లు ఊరికే పంచుతారా లేదా? ఊరికే పంచే పేరు ఎవరేసుకుంటే ఏంది? నేనూ నలభై బనీన్లు అచ్చేసి అమ్మకానికి పెట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మద్రాసు నుంచి లాయరొచ్చినాడు. పేరు రిజిస్టరు చేయించుకున్నాం, అడక్కుండా అమ్మితే కేసేస్తామన్నాడు. ‘మీ వలలో పడే చేప పేరు చదువుకునే పడతందా సామీ?’ అన్నా. వాడికి దిమ్మ తిరిగింది!"

"లాయరుకే!" పడవ నడిపే పెంచల్ నోరు తెరిచాడు.

"వాడు పోయి ఇంకో పదిమందిని తోలుకొచ్చినాడు. అందరికీ చెమటలే! కోర్టుకు పోతే జడ్జిగారు నా బనీను అటూ ఇటూ తిప్పి చూసి, నల్లకోటు విప్పేసి అక్కడే తొడుక్కున్నారు!"

"కోర్టులోనా?" టీ కాచే జకరయ్య గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఇంకా విను! కంపెనీ ఓనరు హెలికాప్టర్లో ఉప్పుమడుల్లో దిగినాడు. నా కాళ్ళు పట్టుకుని, ‘షావలిగారూ, పేరు మీరే ఉంచుకోండి, మా వలల మీద వేసుకునేదానికి మాకు పర్మిషనివ్వండి’ అని ఒకటే ఏడుపు. ఆ బనీను తొడుక్కుని రేవులో నిలబడితే, చేపలు వల లేకుండానే ఒడ్డుకొచ్చి పడినాయి! ఇప్పుడా పేరు నాదే."

"అమ్మో!" అన్నాడు పెంచల్.

వనజాక్షి మూట ముడి విప్పింది. "అట్టయితే అచ్చెయ్యి తమ్ముడూ. ప్రతి సంచి మీదా ఆ పేరు కింద నీ పేరు, నీ ఫోన్ నంబరు కూడా వెయ్యి. ఎవరన్నా అడిగితే చూపిస్తా."

షావలి గ్లాసు కింద పెట్టేశాడు. "నా పేరెందుకక్కా?"

"నీలిరెక్క నీదే గదా?"

"నా పేరొద్దక్కా... మళ్ళీ అచ్చేస్తే జైలేనని సంతకం పెట్టించుకున్నారు. నలభై బనీన్లూ ఎత్తుకుపోయినారు."

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి, జకరయ్య చూసుకోలేదు.

"ఇంత తెలిసీ నా సంచుల మీద వేద్దామనుకున్నావా?" వనజాక్షి మూట మళ్ళీ బిగించి భుజానికెత్తుకుంది. "ఉత్త సంచులే అమ్ముకుంటాలే. పేరు లేకపోయినా చేపలు మోస్తాయి."