నాలుగంకెల తాళం

తీయనే రోజా. నువ్వు ఎన్నిసార్లు చెప్పినా తీయను. ఆ కాగితం నా ఫోను వెనకే ఉంటాది.

నవ్వు, నవ్వు. పక్కన మీ తమ్ముడి నవ్వు కూడా వినబడుతోందిలే. ఏటంటున్నాడు? అమ్మ ఫోనుకి రేషన్ షాపు బోర్డు కట్టిందా? ఒరే ధనుంజయ్, మీసం వచ్చీసిందని నోరు కూడా పెంచుకున్నావు నువ్వు.

అవును, అందులో నా పేరుంది. మీ నాన్న పేరుంది, మీ ఇద్దరి నంబర్లున్నాయి, నా రక్తం గ్రూపుంది. వానకి తడిసిపోకుండా పైన టేపు కూడా వేశాను. ఎవడైనా చూస్తాడా? చూడనీ. చూడాలనే అంటించాను.

మీ కాలేజీలో సారు చెప్పారా? ఆ సారుకి ఇక్కణ్ణుంచే దండం. నువ్వు కంప్యూటర్ల డిగ్రీ చదువుతున్నావు, కాదనను. కానీ ఇక్కడ బెంగాల్లో, ఖిదిర్‌పూర్‌లో ఆ బ్యాంకు నేల నేను పదకొండేళ్ళుగా తుడుస్తున్నాను తల్లీ. ఫోనులో మోసపోయొచ్చిన మనిషి ముఖం ఎలగుంటాదో నువ్వు చూళ్ళేదు. నేను వారానికి ఇద్దర్ని చూస్తాను.

మొన్న ఒక ముసలాయన కౌంటరు ముందు నిలబడి, ఫోనులో ఎవడికో ఓటీపీ గట్టిగా చదివి వినిపిస్తున్నాడు. చీపురు పడేసి పరిగెత్తాను. "దాదా, బోల్బేన్ నా!" చెప్పకండని అరిచాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, బ్యాంకువాళ్ళే అడుగుతున్నారు, నీకెందుకు అన్నాడు. నువ్వు నిలబడింది ఎక్కడయ్యా మరి? చేపల బజార్లోనా?

ఎవరికీ ఏదీ చెప్పకండి అని గోడ నిండా పోస్టర్లు. బయటికొస్తే ప్రతివాడికీ ఆధార్ కాపీ ఇవ్వాలి. సిమ్ముకి ఇవ్వాలి, గ్యాసుకి ఇవ్వాలి, అద్దె ఇంటికి ఇవ్వాలి. మొన్న తేలేభాజా కొనుక్కుని పొట్లం విప్పితే, లోపల ఎవడో కుర్రాడి ఆధార్ కాపీ. నూనె మరకల్లోంచి నన్నే చూస్తున్నాడు. వంకాయ బజ్జీ నోట్లోకి పోలేదే నాకు!

మీ తమ్ముడు పోయినసారి వచ్చినప్పుడు నా ఫోనులో టార్చిలైటు ఆప్ ఒకటి వేశాడు. అది నా ఫోనులోని పేర్లన్నీ చూస్తానంటాది. దీపానికి నా చుట్టాలతో పనేటి? తీసీసాను. మా కాంట్రాక్టరు ఆప్‌లో పొద్దున్నే హాజరుకి ముఖం చూపించి కళ్ళార్పాలి. రెండుసార్లు ఆర్పితే మనిషినట, ఆర్పకపోతే ఫొటోనట. ఇప్పుడు ఆ ఆప్ కూడా నా ఫోను పాతదైపోయింది, కొత్తది కొనమంటోంది. చొక్కా పాతదని మనిషిని బస్సెక్కనివ్వనట్టు లేదూ?

కాబట్టి నాకు తెలీదని అనకు. జాగ్రత్త నాకు నువ్వు నేర్పక్కర్లేదు.

నువ్వు పంపిన మెసేజీ చదివాను. సిమ్ముకి తాళం ఎలగ పెట్టాలో బొమ్మలతో సహా పంపావు. పెట్టను. అది నాకు మీ సారు చెప్పకముందే తెలుసు. ఆరేళ్ళ కిందటే తెలుసు.

ఆగండి, ఫోను పెట్టీకండి. ఇంకో మాటుంది.

అప్పలసూరి మావ బుధవారం షాలిమార్‌లో రైలెక్కుతున్నాడు. ఇక్కడ డాకులో ఓడల పని లేదు, ఇక తిరిగి రాడు. పలాసలో దిగి ముందు మీ దగ్గరికే వస్తాడు. మీకు బట్టలిచ్చి పంపిస్తున్నాను.

తలుపు తీయరా? ఏం, ఎందుకు తీయరు?

తెలుసు. నాన్నని రోడ్డు మీద వదిలీసి వచ్చినవాడు. మీ నోట ఆ మాట వినీ వినీ నా చెవులు కాయలు కాశాయి. మొన్న వేసవిలో నువ్వొచ్చినప్పుడు ధనుంజయ్, అతను నీకు బూట్లు తెచ్చాడు. పెట్టె మూత కూడా తీయకుండా గుమ్మం బయట పెట్టీసావు. అతను ఆ పెట్టె చంకలో పెట్టుకుని, "సైజు కుదరలేదేమోలే చెల్లెమ్మా" అన్నాడు. నేను తలొంచుకుని బియ్యం ఏరుతున్నాను. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరాను.

మీ నాన్న ఇంట్లో లేడు. అందుకే ఇప్పుడు చెప్తున్నాను. ఆదివారం కదా, పక్షవాతం వచ్చిన చేతికి వ్యాయామం చేయించడానికి తీసుకెళ్ళారు. ఎవరు తీసుకెళ్ళారంటే ఎవరని చెప్పాలి? అప్పలసూరే. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం అతనే.

వినండి పిల్లలూ. ఇది మీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేనే, నేను చెప్పలేదు.

అప్పటికి రోజాకి పదమూడు, నీకు పది. ఇద్దరూ పలాసలో నాయనమ్మ దగ్గరే ఉన్నారు. అక్కడ చదివితేనే అక్కడి కాలేజీలో లోకల్ సీటొస్తాదని మేమే పంపాం కదా. ఫోనులోనే పెంచాను మిమ్మల్ని. అన్నం తిన్నారా, దగ్గు తగ్గిందా, లెక్కల్లో ఎన్నొచ్చాయి, అన్నీ ఫోనులోనే.

ఆ ఏడు బ్యాంకులో ఒక మీటింగు పెట్టారు. ఒకాయనొచ్చి తెర మీద బొమ్మలేసి నాలుగు మాటలు చెప్పాడు. సిమ్ముకి తాళం పెట్టండి, లేకపోతే ఫోను దొంగ ఆ సిమ్ము తన ఫోనులో వేసుకుని మీ ఓటీపీలన్నీ లాగుతాడు. అందరికీ తెలిసిన నంబరు పెట్టొద్దు. ఎక్కడా రాయొద్దు. ఎవరికీ చెప్పొద్దు. టీ ఇచ్చి, బిస్కత్తులిచ్చి పంపించాడు.

నా సంగతి మీకు తెలుసు కదా. స్టవ్ ఆపానో లేదోనని సందు చివర్నుంచి వెనక్కొచ్చి చూసే మనిషిని. ఆ సాయంత్రమే మీ నాన్న ఫోను లాక్కున్నాను. ఆయనది అప్పుడు బటన్ల ఫోను. మీ ఫీజు కట్టే అకౌంటు దానికే కలిపుంది మరి, భయం కాదేటి?

"నా ఫోనులో ఏటుందే, వజ్రాలా?" అన్నాడు. అని, సరే పెడితే నా డాకు టోకెను నంబరు పెట్టు, అదైతే నిద్రలో లేపి అడిగినా చెప్తాను అన్నాడు.

ఒప్పుకున్నానా? నీ టోకెను నంబరు డాకులో కాకులక్కూడా తెలుసు అన్నాను. నాకు తోచిన నాలుగంకెలు పెట్టీసాను. ఇక ఫోను ఆగి మళ్ళీ వెలిగినప్పుడల్లా ఆ నాలుగూ అడుగుతాది. కొట్టకపోతే మన ఫోను ఎవరికీ పోదు, ఎవరి ఫోనూ మనకి రాదు.

ఆయనకి గుర్తుండేవి కావు. రెండుసార్లు నన్నే అడిగాడు. నేను విసుక్కున్నాను.

నాలుగోనాడు చొక్కా ఉతుకుతుంటే జేబులో ఒక కాగితం దొరికింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న పాత కాగితం. పెళ్ళైన కొత్తలో నేనే రాసిచ్చాను. ఆయన పేరు, మా సందు పేరు, నా నంబరు, అప్పలసూరి నంబరు. ఆ కాగితం కింద, ఆయన వంకర రాతతో, ఆ నాలుగంకెలు!

నాకు ఒళ్ళు మండిపోయింది. రాయొద్దని చెప్పాను కదా, నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదా! చింపీసాను. కింద ఆ నాలుగంకెల ముక్క చింపితే సరిపోయేది. మొత్తం చింపీసాను పిల్లలూ. ముక్కలు ముక్కలు చేసి నీళ్ళల్లో కలిపీసాను.

మీ నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు. "నీ నంబరు కూడా పోయింది కదే" అన్నాడు.

"ఫోనులో ఉంది కదా!" అన్నాను నేను.

ఆ తర్వాతి సోమవారం. డాకులో పని లేక మీ నాన్నా అప్పలసూరీ షాలిమార్ గూడ్సు యార్డులో దించుడు పనికెళ్ళారు. డాకు పాసు ఇంట్లోనే ఉండిపోయింది. రెండింటికి పని ముగిసింది, ఇద్దరూ టీ తాగారు. అప్పుడు మేస్త్రీ అప్పలసూరిని ఇంకో పూట ఆపాడు. "నువ్వు పద, నేనొస్తాను" అన్నాడు అతను. మీ నాన్న బాగానే ఉన్నాడు, నవ్వుకుంటూ బస్సెక్కాడు. వదిలీడం అంటే ఇంతే. మీరు ఆరేళ్ళుగా తిడుతున్న వదిలీడం ఇదే!

ధర్మతలలో బస్సు మారడానికి దిగి, అక్కడే కూలిపోయాడు. ఫోను కింద పడి మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు ఎగిరిపోయాయట. జామకాయలమ్మే ఒకాయన, పుణ్యాత్ముడు, అన్నీ ఏరి బిగించి, ఇంటికి కబురు చేద్దామని ఫోను వెలిగించాడు.

నంబరు అడిగింది.

ఒకటి రెండు మూడు నాలుగు కొట్టాడు. కాదంది. నాలుగు సున్నాలు కొట్టాడు. కాదంది. అప్పుడు మీ నాన్న దగ్గర వంగి, "దాదా, నంబర్ కోతో?" నంబరెంతని అడిగాడట. మీ నాన్నకి మాట పడిపోయింది. ఎడమచెయ్యి ఎత్తి వేళ్ళు చూపించాడట. నాలుగు. రెండు. రెండు. ఐదు.

అది ఆయన టోకెను నంబరు.

మూడోసారి అదే కొట్టాడు ఆయన. అంతే, మొత్తం బిగుసుకుపోయింది.

ఆ జామకాయలాయన్ని తర్వాత వెతికి పట్టుకుని దండం పెట్టొచ్చింది అప్పలసూరి. ఈ అంకెలు అతనే విని వచ్చాడు. విని వచ్చి నాతో చెప్పాడు. ఇంకెవరితోనూ చెప్పలేదు.

ఆసుపత్రిలో ఊరూ పేరూ లేని మనిషని రాసుకున్నారు. ఇంకేం రాస్తారు? వాళ్ళని ఏమీ అనలేను, మంచమిచ్చారు, సెలైను పెట్టారు. నేనిక్కడ ఫోను కొడుతూనే ఉన్నాను. స్విచాఫ్ అని బెంగాలీలో చెప్పింది, హిందీలో చెప్పింది, ఇంగ్లీషులో చెప్పింది. ఛార్జింగు పెట్టుకోలేదని తిట్టుకున్నాను ఆయన్ని.

పని ముగించుకుని వచ్చిన అప్పలసూరి, సంగతి విని చెప్పులు కూడా విప్పలేదు. యార్డుకి వెళ్ళాడు, టికియాపారాలో తెలిసినవాళ్ళిళ్ళకి వెళ్ళాడు, పోలీసు స్టేషన్లకి వెళ్ళాడు, మూడు ఆసుపత్రులు తిరిగాడు. మర్నాడు సాయంత్రం ఐదింటికి దొరికాడు మీ నాన్న. ఇరవైఏడు గంటలు.

ఆఖరుసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు చూశారని డాక్టరు అడిగాడు. ఆ మాట చెప్పగలిగినవాడు అప్పలసూరి ఒక్కడే. నిన్న రెండింటికి అన్నాడు. మొదటి నాలుగు గంటల్లో ఈ సంగతి తెలిసుంటే ఒక మందు ఇవ్వడానికి వీలుండేదేమో అన్నాడు డాక్టరు. ఏమో అన్నాడు. ఆ 'ఏమో'తో ఆరేళ్ళుగా కాపరం చేస్తున్నాను నేను.

ఫోను అప్పలసూరి చేతికిచ్చారు. అప్పటికి అది నాలుగు కాదు, సిమ్ము కంపెనీవాళ్ళకే తెలిసిన ఎనిమిదంకెలు అడుగుతోంది. "ఇది ఎవరు పెట్టారు చెల్లెమ్మా?" అన్నాడు. నా ముఖం చూశాడు. ఫోను జేబులో వేసుకున్నాడు. ఎవరడిగినా, పడి పగిలిపోయిందన్నాడు.

మూడోనాడు మీ నాయనమ్మ పలాస నుంచి దిగింది. ఆసుపత్రి వరండాలో గుండెలు బాదుకుంది. "నా కొడుకుని ఒంటరిగా ఎవరొదిలీసారురా?" అని. అందరూ వింటున్నారు. నేను అక్కడే ఉన్నాను. నోరుంది నాకు.

"నేనే అత్తా. నేను కూడా వచ్చీవలసింది. తప్పు నాదే" అన్నాడు అప్పలసూరి.

కాదు అనడానికి ఎంతసేపు పడతాది చెప్పండి? ఒక్క మాట. నేను మీ నాన్న దుప్పటి సర్దాను.

రోజా? లైనుందా?

ఏడవకు తల్లీ. తిట్టు కావాలంటే.

మీ నాన్నకి తెలుసా అంటావా? తెలియకేం. తాళం పెట్టింది నేను, కాగితం చింపింది ఆయన కళ్ళముందు. ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు. అడిగినా బాగుండును.

తాళాలు చెడ్డవని నేననడం లేదే. నీ ఫోనుకి పెట్టుకో. దొంగలున్నారు, నాకంటే ఎవరికి తెలుసు? కానీ నువ్వు పడిపోతే ఎవరికి కబురెళ్ళాలో ముందు బయట రాసి పెట్టుకో, ఆ తర్వాతే తాళం. ఆ బ్యాంకాయన నాలుగు మాటలు చెప్పాడు, ఈ మాట చెప్పలేదు. మీ సారుని అడుగు, ఆయనైనా చెప్తారా అని.

సరే. ఇప్పుడు నేను అడిగేది వినండి. బుధవారం రైలెక్కితే గురువారం పొద్దుటికి మీ గుమ్మంలో ఉంటాడు. లోపలికి పిలవండి. కాళ్ళకి నీళ్ళివ్వండి. ధనుంజయ్, నువ్వేం చెప్పాలో నేను చెప్పను. పదహారేళ్ళొచ్చాయి నీకు.

కానీ అంతకంటే ముందు, ఇప్పుడే, ఫోను పెట్టీగానే, నాయనమ్మని పిలిచి ఇదంతా చెప్పండి. ఒక్క ముక్క దాచకండి. నీ కోడలే చేసిందని చెప్పండి. నన్ను తిడతాది, తిట్టనీ. కొళాయి దగ్గర చెప్తాది, కిళ్ళీ కొట్టు దగ్గర చెప్తాది, చుట్టాలందరికీ ఫోన్లు చేస్తాది. ఆపకండి. అతనికి ఆ పేరు ఊరంతా తిరిగి పెట్టింది ఆవిడే కదా, ఊరంతా తిరిగి తీసీనీ.

రైలు కంటే ముందు చేరాలి ఈ కబురు.

చేరుతుందిలే. మీ నాయనమ్మ నోటికి ఏనాడూ తాళం పడలేదు.