చవుడు చేనిలో గంగపాయలాకు

బెళుగుప్ప దగ్గర, బోరు ఉప్పునీళ్లకు చవుడు పట్టిన చేను. అందులో సాళ్లుగా వేసిన గంగపాయలాకు అనే ఆకుకూర మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి, ఆకులు కోస్తూ ఆగి చేనుగల ఆమెను అడిగింది.

“అక్కా, ఈ సాలుకు నీళ్లు పోసినావా?”

“వాడిపోతాంటే చూడలేక, తాగే నీళ్లే బిందెడు పోసినా.”

“పోయొద్దంటి కదక్కా. ఉప్పును, ఎండను తట్టుకునేకే ఆకు తనలో సత్తువ పుట్టించుకుంటాది. మంచినీళ్లు తాగితే అది తగ్గిపోతాది.”

“కష్టపెడితేనే సత్తువ పుడతాదా?”

“ఈ ఆకులో అంతేనక్కా.”

“శనక్కాయ ఎండిన ఏడు మా ఆయన దినామూ ఈ గట్టుమీదనే కూర్చుంటాండె. తట్టుకుంటాడులే అనుకుంటిమి. ఈడనే పురుగుల మందు తాగినాడు.”

“నాకు తెలీదక్కా.”

“నీ పని చెడగొట్టను పాపా, ఇంకో చేను చూసుకో. ఈడ వాడిపోతే మాత్రం నేను మళ్లా నీళ్లు పోస్తా.”