మలుపు బోర్డు మీద పెళ్ళి ఫ్లెక్సీ

"తాతా, సెల్లి ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ ఇక్కడ మన ఈధి మలుపు కాడ బోర్డుకి కడతంటే ఆటో అతని మీద అరిసేవంట. ఏటైంది?"

ఏటైందా... ఇలా కూకోయే అమ్మా. ఆటో అతని మీద అరవకూడదు, నిజమే. మీ నాన్న కట్టమన్నాడు, ఆడు కట్టబోయేడు. ఆడి తప్పేటుంది.

నాను ముప్పై ఏళ్ళు రోడ్డు బోర్డులు పాతేను, తెలుసు కదా. ఇటు గాజువాక, మద్దిలపాలెం, అటు ఆనందపురం దాకా, కంట్రాక్టరు ఎక్కడ గొయ్యి తియ్యమంటే అక్కడ. నడుం పోయిందీ ఆ పన్లోనే. కాదు కాదు, సిమెంటు బస్తాలు మోసినప్పుడు పోయింది. సర్లే, పోయింది.

ఆనందపురం అవతల మా ఊరి మలుపు నువ్వు సూడనేదు. ఇప్పుడు రోడ్డు ఎడల్పు సేసీసేరు, మలుపే నేదు. అప్పుడు తాటితోపు అడ్డం, ఎదర ఏటొత్తందో కనపడీది కాదు. ఎన్ని బళ్ళు పడిపోయీవో. మా సిన్నాన్న కొడుకు అక్కడే పోయేడు, సైకిలు మీద పాల కేన్లు ఏసుకుని ఎల్తూ... మంచోడు. బోర్డు ఎయ్యండని మా మేస్త్రీ పేణం తీసి ఏయించేను. మూడు మూలల బోర్డు, ఎర్రంచు, మద్దిలో వంకర బాణం. నా సేత్తోనే పాతేను. అప్పట్నుంచి తగ్గిపోనాయమ్మా. మొత్తం ఆగిపోనాయని అన్ను, తాగినోడికి ఏ బోర్డు కనపడద్ది. గానీ కొత్తోడు సూసి బ్రేకేసీవోడు. అక్కడ టీ బడ్డీ కాడ కూకుంటే బండి మోత తగ్గడం ఇనపడీది. అదింటే నాకు కడుపు నిండిపోయీది.

అంతట్లో మీ అమ్మ పెళ్ళొచ్చింది. ఫ్లెక్సీలు అప్పుడే కొత్త. మీ అమ్మ ఫొటో, మీ నాన్న ఫొటో, కింద సిన్నచ్చరాల్తో మా ఇంటికి దారి. అందరికీ అగపడాలంటే ఎక్కడ కట్టాల? ఆ మలుపు కాడే. అందరూ కట్టీవోరే, నానూ పెళ్ళినాడు తెల్లారకముందే ఎల్లి బోర్డు మీదకి కట్టేను. ఊరోళ్ళకి మలుపు తెలుసు కదా, ఒక్కరోజే కదా అనుకున్నాను. పెళ్ళికొచ్చీవోళ్ళు కొత్తోళ్ళని తట్టనేదు. బోర్డులు పాతి బతికినోడికి తట్టనేదు సూడు.

పెళ్ళినాడు పొద్దున్న సూరిబాబు, అదే, మీ నాయనమ్మ తమ్ముడు, విడిదిల్లు సూద్దారని స్కూటరు మీద ఒక్కడూ బయల్దేరేడు. మా ఊరు రాడం అదే మొదలు. ఎదురెల్దారని నాను మలుపు కాడే నిలబడ్డాను. మెల్లిగానే ఒత్తన్నాడమ్మా. తలెత్తి ఫ్లెక్సీ సదువుకుంటన్నాడు. సదువుకుంటూ తిన్నగా ఎల్లిపోయేడు. ఎదర్నుంచి ఇసక లారీ.

అందరూ అతని మీదకి పరిగెట్టేరు. నాను ముందు ఆ తాళ్ళు తెంపీసేను. ఫ్లెక్సీ మడతెట్టి బడ్డీ ఎనక కుక్కీసి, అప్పుడు పరిగెట్టేను. పోలీసులు అడిగితే స్పీడుగా తోలేడన్నాను. బోర్డు కనపడతంది కదా, అదే రాసుకున్నారు. తెలిసినోళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురు, ఆళ్ళూ నోరు మెదపనేదు.

ముహూర్తం ఆగిపోయింది. మూడు నెల్లకి గుళ్ళో తాళి కట్టించేరు. అప్పట్నుంచి మీ నాయనమ్మ మీ అమ్మని ఏటంటందో నువ్వూ ఇన్నావు. అడుగెట్టకముందే నా తమ్ముణ్ణి మింగీసిందని. ఇన్నేళ్ళూ ఆ మాట పడింది నా కూతురు. ఏ శుభకార్యంలోనూ దాన్ని ముందు నిలబెట్టనేదు. రేపు కన్నకూతురి ఓణీలకి కూడా హారతి దాని సేతికియ్యదంట. నిన్న వంటింట్లో కళ్ళు తుడుసుకుంటంటే సూసేను.

నాకు తెలిసీ నోరిప్పనేదు. సిగ్గమ్మా. భయం కూడా. ముందు పెళ్ళి సెడిపోద్దేమోనని, తర్వాత దాని కాపరం సెడిపోద్దేమోనని. మొయ్యలేకపోతన్నానింక, అలిసిపోనాను.

ఫ్లెక్సీ మనింటి గోడకి కట్టుకోండి. నువ్వూ నీ సెల్లీ సల్లగా ఉండాల, నూరేళ్ళుండాల. మీ నాయనమ్మ లోపలుందా? పిలు. మీ అమ్మని కూడా రమ్మను, దాని ముందే సెప్పాల. సూరిబాబు మెల్లిగానే ఒచ్చేడనీ, నా కూతురి తప్పేటీ నేదనీ...