వదిన నేర్చుకున్న మూడు రకాల వాక్యాలు

ఆసుపత్రి వెనక, బట్టలు ఉతికి మడతపెట్టే గది. భోజనాల వేళ అందరూ బయటికి వెళ్లారు. బల్లకి అటువైపు ఆ గదిలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న వదిన, ఇటువైపు అదే ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మరదలు, తమ్ముడి భార్య.

“ఇవాళ పాఠం వద్దులే వదినా. ఇన్‌చార్జి పరీక్షే అయిపోయాక ఇంకా పాఠమేమిటి?”

“అయిపోతే అయిపోయింది. కూర్చో. మొదటి రకం వాక్యం ఏమిటో అడుగు.”

“మీరు అసలు అన్నం తిన్నారా?”

“అడగమన్నానా?”

“సరే. సింపుల్ సెంటెన్స్ అంటే?”

“ఒక మనిషి, ఒక పని. ఐ ఫోల్డ్ ది షీట్. నేను దుప్పటి మడతపెడతాను. దిండు గలీబులాంటిది, ఒక్కటే చేతిలో పట్టుకున్నా పూర్తి వస్తువే అని నువ్వేగా చెప్పావు.”

“గలీబు మాట మీదే వదినా. నేను పుస్తకంలో ఉన్నదే చెప్పాను.”

“ఎవరిదైతేనేం. రెండోది కాంపౌండ్. రెండు పూర్తి వాక్యాలు, మధ్యలో అండ్, బట్, సో. ఐ ఫోల్డ్ ది షీట్ అండ్ షి టేక్స్ ఇట్. విడదీసినా దేనికది బతుకుతుంది. మూడోది కాంప్లెక్స్. అందులో ఒక ముక్క ఒంటరిగా నిలబడదు. బికాజ్ ఐ యామ్ టైర్డ్ అని ఊరుకుంటే, అయితే ఏమిటమ్మా అని అడుగుతారు ఎదుటివాళ్లు.”

“ఒక్క తప్పు లేదు. మూడు నెలల్లో ఇంత నేర్చుకున్నారంటే, నిజంగా…”

“నేర్చుకున్నాను. అందుకే ఇవాళ సొంతంగా చెబుతాను. తప్పులుంటే దిద్దు.”

“ఆఫీసులో పనుంది వదినా, సాయంత్రం ఇంట్లో…”

“ఇంట్లో వద్దు. ఐ వెంట్ టు ది ఆఫీస్.”

“ఎప్పుడు?”

“తప్పుందా?”

“లేదు. ఎప్పుడు వెళ్లారు?”

“ఐ ఆస్క్‌డ్ ఫర్ మై రిజల్ట్, బట్ దేర్ వాజ్ నో రిజల్ట్. ఇది ఏ రకం?”

“కాంపౌండ్. లేకపోవడమేమిటి? ఎవరు చెప్పారు?”

“మీ ఆఫీసులో కళ్లజోడు సార్. పొద్దున నువ్వు బ్యాంకుకి వెళ్లినప్పుడు. నా కాగితం దిద్దనే లేదట. పరీక్ష మర్నాడే ఈ ఉద్యోగం వద్దని రాసిచ్చావు కదమ్మా, అందుకే పక్కన పెట్టేశాం అన్నారు. ఇన్‌చార్జి పోస్టు ఇస్త్రీ దగ్గరి పొడుగావిడకి ఇచ్చేశారు.”

“అదేదో పొరపాటై ఉంటుంది. కాగితాలు కలిసిపోతుంటాయి అక్కడ. నేను కనుక్కుంటాను.”

“కనుక్కోనక్కర్లేదు. చూపించారు. ఐ డు నాట్ వాంట్ దిస్ పోస్ట్ బికాజ్ మై ఐస్ ఆర్ వీక్. నా కళ్లు బాగాలేవు కాబట్టి ఈ పోస్టు నాకొద్దని. అక్షరాలు నావి. సంతకం నాది. తేదీ మాత్రం నీ చేతిరాత.”

“వదినా…”

“అక్కడే నిలబడి వేలు పెట్టి చదివాను. ఎవరినీ అడగలేదు. మూడు నెలల కిందటైతే, ఇందులో ఏముందో కాస్త చదివిపెట్టు అని నీ దగ్గరికే పరిగెత్తుకొచ్చేదాన్ని.”

“అది… అది మొదటి వారంలో రాయించిన ప్రాక్టీసు కాగితం. బికాజ్ ఎలా వాడాలో చూపించడానికి.”

“అవును. నువ్వు పైన రాశావు, నేను కింద చూసి గీశాను. అప్పటికి నాకు అక్షరాలు తప్ప ఏం తెలుసు? రెండోసారి విడిగా, మంచి కాగితం మీద రాయమన్నావు. రాశాను.”

“సంతకం పెట్టమని నేను అనలేదు.”

“అనక్కర్లేదని నీకు తెలుసు. మడతపెట్టిన ప్రతి కట్ట మీదా ఒక చీటీ, చీటీ కింద సంతకం. రోజుకి ఎనభై చీటీలు. చేతికి కాగితం వస్తే అడుగున పెట్టేస్తాను, ఆలోచించను. నవ్వావు కూడా. వదినకి అన్నం వడ్డించినా కింద సంతకం పెడుతుంది అన్నావు.”

“సరదాగా అన్నాను.”

“తేదీ వేయబోతే, వద్దులే వదినా అన్నావు. అది కూడా సరదాకేనా?”

“భోజనాల వేళ అయిపోతోంది వదినా, నేను వెళ్లాలి.”

“నా కళ్ల సంగతి నీకెవరు చెప్పారు?”

“మీరే ఎప్పుడో.”

“నీకు చెప్పలేదు.”

“ఇంట్లో ఎవరితోనో అన్నట్టున్నారు. ఏమో. నాకు గుర్తులేదు వదినా, నన్ను ఇలా నిలదీయకండి.”

“మరి ఎవరిని నిలదీయను? నీకేం ఒరిగింది చెప్పు. ఆ పోస్టు నీకు రాదు, నీది ఆఫీసు. పొడుగావిడ నీకు చుట్టమా?”

“కాదు.”

“మరి?”

“మీరు వెళ్లిపోతారని.”

“ఎక్కడికి? ఈ ఆవరణ చివర గదికి. మనింటి నుంచి పావుగంట నడక.”

“పిల్లలకి మీరు అలవాటు…”

“పిల్లలకి నేను అలవాటు. మీకు నా వంట అలవాటు. అడిగితే రెండు పూటలా వచ్చి వండి వెళ్లేదాన్ని కదే. అడగడానికి నోరు రాలేదా?”

“రాలేదు.”

“ఇన్‌చార్జికి గది ఇస్తారని చెప్పింది నువ్వే. కిటికీ ఉందని చెప్పింది నువ్వే. నేను వెళ్లి అద్దంలోంచి తొంగిచూసి వచ్చాను కూడా, దొంగలాగా. తాళంచెవి నా కొంగుకి ఉండే గది. పదకొండేళ్లుగా హాల్లో మడతమంచం మీద పడుకుంటున్నాను. తెల్లారగానే మడిచి తలుపు వెనక పెట్టాలి. ఎవరైనా వస్తే అక్కడ ఒక మనిషి పడుకుందని తెలియకూడదు.”

“నాకు తెలుసు వదినా.”

“తెలిసే చేశావా? తెలియక చేసుంటే బాగుండేది. మొదటి వారంలోనే నాకు గొయ్యి తవ్విపెట్టి, మూడు నెలలు ఎందుకు నేర్పావు మరి? వానొచ్చినా వచ్చావు. జ్వరంతో వచ్చావు. ఎందుకు?”

“చింపేద్దామనుకున్నాను. ఒట్టు. మీరు ఒక్కో వాక్యం సొంతంగా చెబుతుంటే నాకే ముచ్చటేసేది. బాగా నేర్పితే మీరు పాసవుతారు, అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు అనుకున్నాను. పాసయ్యేలానే రాశారు మీరు. బయటికొచ్చిన మీ మొహం చూశాను.”

“చూసి కూడా కాగితం ఇచ్చావు.”

“ఇచ్చాను.”

“చెయ్యెత్తి కొట్టాలనుంది. ఏడవాలనుంది. నీ మీద నాకున్న నమ్మకానికి నన్ను నేనే తిట్టుకోవాలనుంది.”

“కొట్టండి.”

“కొడితే గది వస్తుందా? పో. వెళ్లి నీ పని చూసుకో.”

“వదినా…”

“ఒక్క మాట. వాడికి మాత్రం తెలియనివ్వకు.”

“ఎవరికి?”

“ఇంకెవరికి, నా తమ్ముడికి. నువ్వు బయటి నుంచి వచ్చినదానివి, నాకు ద్రోహం చేశావంటే ఏడ్చి ఊరుకుంటాను. వాడు తట్టుకోలేడు.”

“వదినా, ఆ సంగతి వదిలేయండి.”

“ఎలా వదిలేస్తాను? అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు. నేను బడి మానేసి వాణ్ని పంపాను. అక్కకి చదువు లేకుండా పోయింది నా వల్లే అని వాడికి ఇప్పటికీ బాధ. రోజూ అన్నం దగ్గర అడుగుతాడా లేదా, అక్కా ఇవాళ ఏం నేర్చుకున్నావు అని?”

“అడుగుతారు.”

“అక్క చేత నువ్వు రాయించిందేమిటో తెలిస్తే నీ మొహం చూడడు. నీ కాపురం నా మూలంగా చెడకూడదు. పరీక్ష పోయింది, నాకే రాలేదని చెబుతాను. నువ్వూ అదే చెప్పు.”

“చెప్పలేను.”

“చెప్పాలి. వాడి దగ్గర నోరు జారనని మాటివ్వు.”

“అంత మంచిగా ఉండకండి వదినా, నావల్ల కావడం లేదు.”

“మంచీ లేదు చెడూ లేదు. నాకు మిగిలింది వాడొక్కడే. మాటివ్వు.”

“ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టింది నేను వదినా. తెలుగులో చెప్పి, ఇలా రాయించు అన్నది ఆయన.”