పిడికిలి తెరుచుకునేదాకా కూర్చున్నవారు

1989 ఆగస్టు పన్నెండవ తేదీన శ్రీ రసూల్ సాబ్ గారు అనంతపురంలోని మన ఆసుపత్రి మార్చురీలో అటెండరుగా ప్రవేశించారు. ఎవరూ కోరని ఆ కొలువును ముప్పై ఆరు సంవత్సరాలు నిష్ఠతో నిర్వహించి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అందులో ఇరవై ఏడేళ్ళు వైద్యురాలిగా నేను ఆయన చేతుల మీద ఆధారపడ్డాను. కనుక ఈ అభినందన లాంఛనం కాదు, సాక్ష్యం.

తొలి ఏళ్ళలో నీళ్ళు మోయడం, బల్లలు కడగడం ఆయన విధులు. పదేళ్ళు గడిచేసరికి దేహాన్ని తాకి మరణవేళను అంచనా వేయగల నేర్పు ఆయనకు అబ్బింది. ఎవరిని బల్లపైకి చేర్చినా ముందుగా చంక కింద చేయి ఉంచి, “ఏమమ్మా, అన్నం తిన్నావా?” అని అడిగేవారు. అడిగి, జవాబు వినేవారివలె ఆగేవారు. 

“ఎవురన్నా చెప్పినారా సాబ్?” అని ఒక కొత్త డాక్టరు నవ్వితే, “చెప్తానే ఉండారప్పా. నువ్వే ఇంకా ఇనేది నేర్సుకోలా” అన్నారు.

2019 మే నెలలో ఒక మధ్యాహ్నం, మూడు గంటలకు, రాయదుర్గం వైపు జీన్స్ కుట్టే ఒక యూనిట్ నుంచి వనజాక్షి అనే కార్మికురాలి దేహం వచ్చింది. కొయ్యలా బిగిసి ఉంది. కుడి పిడికిలి మూసుకుని ఉంది.

“రాత్రే ఇంట్లో సచ్చిపోయింది మేడం. పొద్దున పనికే రాలా. మొగున్ని అడగండి, వానికే తెలుసు” అన్నాడు వెంట వచ్చిన మేనేజరు. తెల్లవారి పనికి పోయిందని మొత్తుకుంటున్న భర్త నరసింహులును పోలీసులు అప్పటికే వరండాలో కూర్చోబెట్టారు.

దేహమంతా బిగియడానికి సాధారణంగా సగం రోజు పడుతుంది. ఆ లెక్కతో, “మరణం గత రాత్రి” అని నేను రాయించాను. తప్పును తప్పని ఒప్పుకోవాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు: ఆ తప్పు నాదే. ఆ వాక్యం నిలిచి ఉంటే నరసింహులు హంతకుడయ్యేవాడు.

“ఆగండమ్మా. ఈమె పొయ్యి ఇంకా ఆరలేదు. గది కన్నా ఈమే వేడిగా ఉండాది, చెయ్యి పెట్టి సూడండి” అన్నారు రసూల్ సాబ్ గారు. థర్మామీటరు ఆయన మాటనే నిర్ధారించింది.

తిన్న అన్నం చక్కెరగా మారి కాలేయంలోనూ కండరాలలోనూ నిల్వ ఉంటుంది. ప్రాణవాయువు తోడుతో దేహం దానిని శక్తిగా మలచుకుంటుంది, అందులో అధికభాగం వేడిగా వెలువడుతుంది. కండరం బిగియడానికే కాదు, పట్టు వదలడానికి కూడా శక్తి కావాలి. మరణానంతరం మిగిలిన నిల్వ తరిగేకొద్దీ దేహం బిగుస్తుంది. ఆకలితో, ఉక్కలో, చివరి నిమిషం వరకు శ్రమించిన దేహానికి ఆ నిల్వే ఉండదు. ప్రాణం పోతూనే బిగుసుకుంటుంది.

పిడికిలిని బలవంతంగా తెరవమన్నాను.

“గుంజొద్దమ్మా. ఇడిచిపెట్టే శక్తి లేక పట్టుకోనుండాది. రేపటికి ఆమే ఇస్తాది.”

సాయంత్రం వరకు, మళ్ళీ మరునాటి వేకువ నుంచి, ఆయన ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నారు. తొమ్మిది గంటలకు, ఎవరూ తాకకుండానే, ఆ వేళ్ళు ఒక్కొక్కటిగా సడలాయి. అరచేతిలో అప్పుడే కత్తిరించిన నీలిదారపు ముక్కలు. తరువాతి పరీక్షలో, కడుపులో ఒక్క మెతుకూ లేదు.

“తినలేదని చెప్పినావులే తల్లీ” అన్నారాయన, మెల్లగా.

మరణం ఆ మధ్యాహ్నమే, పనిచేస్తున్న చోటే, ఆకలికీ ఉక్కకూ జరిగిందని నివేదికను సరిదిద్దాను. నరసింహులు ఇంటికి వెళ్ళాడు. యాజమాన్యంపై కేసు మాత్రం ఆరేళ్ళుగా వాయిదాలలోనే ఉంది. తోటి కార్మికులు నేటికీ నోరు విప్పలేదు. విరమణ ఉద్యోగానికే గాని సాక్ష్యానికి లేదని ఈ అభినందన సంచిక చదివే పెద్దలకు మనవి. ఆ బల్లలపైకి ఇకముందు వచ్చేవారిని ఎవరు పలకరిస్తారో తెలియదు.

శ్రీమతి హబీబా గారి చేతి అన్నం వేళకు భుజిస్తూ, రసూల్ సాబ్ గారు న్యాయస్థానపు మెట్లు తమ కాళ్ళతో ఎక్కి, వనజాక్షి చెప్పినదంతా చెప్పి, తీర్పును తమ చెవులతో విని, ఆపైన కూడా అనేక వత్సరాలు ఆ చేతుల వెచ్చదనం తగ్గకుండా ఆయురారోగ్యాలతో వర్ధిల్లుగాక.