సద్దు చేయకు

సాయంత్రం పిల్లాణ్ణి తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిని, క్రెష్‌లో ఆయా పక్క గదిలోకి పిలిచింది.

"చూడమ్మా. మధ్యాహ్నం డైపర్ మార్చబోతే తొడల సందున ఇలా ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది."

"అయ్యో. పొద్దున ఏమీ లేదక్కా, ఒట్టు."

"నిన్నేం అనట్లేదు. పసివాళ్లకిది ఉన్నట్టుండి వచ్చేస్తుంది. నా భయం అది కాదు."

"మరేంటి?"

"నీళ్లు తగిలితే భగ్గుమంటుంది కదా, వీడు కిక్కురుమనలేదు. చొక్కా అంచు నోట్లో కుక్కుకుని అలాగే పడుకున్నాడు."

"వాళ్ల నాన్నది రాత్రి డ్యూటీ అక్కా. పొద్దున్నే వచ్చి పడుకుంటారు. మాకున్నది ఒక్కటే గది. వీడు ఏడుపు మొదలుపెడితే చాలు, నేనే చెయ్యి అడ్డంపెట్టి నోరు మూసేస్తాను."

"ఇక్కడెవరూ పడుకోలేదు, గట్టిగా ఏడ్చెయ్ కన్నా అని బతిమాలాను. నా మొహంకేసి చూశాడంతే."

"రెండేళ్లు కూడా నిండలేదక్కా వీడికి."

ఆ మాట అంటూనే తల్లి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయా చంకలో ఉన్న పిల్లాడు ముందుకు వంగి, చిట్టి అరచేతిని ఆమె నోటికి అడ్డంపెట్టాడు.

"ఉష్. నాన్న బజ్జో."